నాలుగోది పడింది, పోదామా?

నీ ముందు వరసలో పసుపు జెర్సీ కుర్రాడు లేచి నిలబడ్డాడు. కేక వేయడానికి కాదు, బ్యాగు భుజాన వేసుకోవడానికి.

2024 నవంబర్ 25, సోమవారం రాత్రి. గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నావు. కుర్చీ చల్లగా తగులుతోంది. ఊరు మేడ్చల్. పక్కన కూర్చున్నవాడిది శామీర్‌పేట. బండి వాడిది, నువ్వు వెనక కూర్చుని వచ్చావు. ఈ సంగతి మరిచిపోకు, కాసేపట్లో దీని మీదే అంతా ఆధారపడుతుంది.

స్కోరు బోర్డు చూడు. హైదరాబాద్ 0, ఒడిశా 3.

ఆట నీకు కాస్త దూరంగా జరుగుతున్నట్టు ఉంటుంది. నీకూ గడ్డికీ మధ్య అథ్లెటిక్స్ ట్రాక్ ఉంది మరి. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన స్టేడియం ఇది, పరుగు పందేలకు పుట్టింది, ఫుట్‌బాల్ తర్వాత వచ్చి చేరింది. ముప్పై వేల మంది పట్టే చోట చాలా వరసలు ఖాళీ. డెక్కన్ లీజియన్ అభిమానులు ఉన్న వైపు నుంచి డ్రమ్ము వినబడుతోంది. ఆగుతోంది. మళ్లీ మోగుతోంది.

"పోదాం పా మామా," అంటాడు పక్కవాడు.

"ఆగురా. ఇంకా టైముంది."

"ఏం టైమురా? మనోళ్లు ఒక్కటన్నా కొట్టిన్రా?"

నువ్వు జవాబు వెతుక్కుంటావు. ఈ నెల మొదట్లోనే కదా, కొచ్చి వెళ్లి కేరళ బ్లాస్టర్స్‌ను 2-1తో కొట్టి వచ్చింది ఈ జట్టు. దానికి ముందు కోల్‌కతాలో మహమ్మదన్‌ను 4-0తో చితక్కొట్టింది. ఆ రెండు గెలుపులు చూసే కదా, సోమవారం అని కూడా చూడకుండా ఇంత దూరం బయలుదేరావు. అంతకు ముందు సీజన్ తలుచుకుంటే కడుపులో తిప్పుతుంది. జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతే, మిగిలిన కుర్రాళ్లతో 22 మ్యాచ్‌లు ఆడి గెలిచింది ఒక్కటి. అట్టడుగున నిలిచింది. అప్పుడు కూడా వదలని నువ్వు ఇప్పుడు మూడు గోల్స్‌కి లేస్తావా?

"ఫటోర్డా యాది మర్సినవా?" అని అడుగుతావు.

వాడు మాట్లాడడు. ఎలా మరుస్తాడు? 2022 మార్చి 20, గోవా. ఐఎస్‌ఎల్ ఫైనల్. కేరళ 1-0 ముందుంది. చుట్టూ వాళ్ల పసుపే. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గాల్లో వచ్చిన బంతిని పెనాల్టీ బాక్స్ బయట నుంచే బాదాడు. 1-1. ఆ తర్వాత పెనాల్టీలు, గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1తో కప్పు హైదరాబాద్‌ది. 87వ నిమిషంలో టీవీ కట్టేసినవాడికి ఆ రాత్రి ఎప్పటికీ దొరకదు. నువ్వు కట్టేయలేదు. అందుకే ఇప్పుడూ కదలలేకపోతున్నావు.

బంతి మళ్లీ ఒడిశా కాళ్ల దగ్గర. మన వెనక వరస చెదిరింది. ఎవరు ఎవరిని పట్టుకోవాలో వాళ్లకే తెలియడం లేదు. నువ్వు ముందుకు వంగుతావు.

ఒకడు ఖాళీగా ఉన్నాడు.

చూడండ్రా.

బంతి వచ్చింది. లోపలికి.

నాలుగు.

డ్రమ్ము ఆగింది. ఈసారి మళ్లీ మొదలుకావడానికి చాలాసేపు పట్టింది.

ఇప్పుడు చుట్టూ చూడు. లేస్తున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. ఫోన్ చెవికి పెట్టుకుని ఒకాయన, పాపను భుజాన వేసుకుని ఒకామె, బాత్రూమ్‌కి వెళ్తున్నట్టు నటిస్తూ నలుగురు కుర్రాళ్లు. మెట్ల మీద వెళ్లేవాళ్లను ఎవరూ తిట్టడం లేదు. పోనీ అని వదిలేస్తున్నారు. అది ఇంకా బాధ.

ఎందుకు పోతారు? ఓడిపోయారని మాత్రమే అనుకోకు. నీ లెక్కే చూసుకో. రేపు మంగళవారం, పని ఉంది. మ్యాచ్ మొదలైందే ఏడున్నరకు. చివరి విజిల్ దాకా ఉంటే అందరితో పాటు ఒక్కసారిగా గేటు దగ్గర పడతావు. కారైతే ఔటర్ ఎక్కి పటాన్‌చెరు మీదుగా చుట్టి మేడ్చల్ ఎగ్జిట్ దగ్గర దిగొచ్చు, వాడైతే ఆ తర్వాతిదైన శామీర్‌పేట దగ్గర. కానీ ఔటర్ మీదికి బండ్లను రానివ్వరు. మీ దారి ఊరి మధ్య నుంచే: కొత్తగూడ, జేఎన్‌టీయూ, ప్రగతినగర్, బాచుపల్లి, గండిమైసమ్మ, అక్కణ్నుంచి మేడ్చల్. నిన్ను దింపాక వాడు ఒక్కడే చీకట్లో శామీర్‌పేట దాకా పోవాలి. చెరువు గట్టు వైపు చలి ఎముకల్లోకి దిగుతుంది.

క్రికెట్‌లో అయితే ఆశకు ఒక లెక్క ఉంటుంది. ఎన్ని బంతులు, ఎన్ని పరుగులు, బోర్డే చెబుతుంది. ఫుట్‌బాల్‌లో గోల్ అంటేనే అరుదు. తొంభై నిమిషాలకు రెండు పడితే పండగ. మిగిలిన కాసేపట్లో నాలుగు వేయాలంటే దేవుడే దిగి రావాలి. ఇది నీకూ తెలుసు. పక్కవాడికీ తెలుసు.

"ఇంకొకటి పడితే పోదాం," అంటాడు వాడు, జాలిపడి.

ఒప్పుకుంటావు. ఒప్పుకున్న మరుక్షణం నుంచి నువ్వు ఆట చూడడం మానేశావు, గమనించావా? గోల్ కోసం ఎదురు చూస్తున్నావు. వాళ్ల గోల్ కోసం. లేవడానికి ఒక సాకు కోసం.

అయిదు.

లేచావు.

మెట్లు ఎక్కుతుంటే కాళ్లు బరువు. 2014లో బ్రెజిల్‌లోనే జర్మనీ 29 నిమిషాల్లో అయిదు కొడితే, సొంత దేశం జనం ఏడుస్తూ స్టేడియం ఖాళీ చేశారు కదా, మనమెంత అని సర్దిచెప్పుకుంటావు. వెంటనే ఇంకోటి అడ్డొస్తుంది. 2012లో మాంచెస్టర్ సిటీ వాళ్లు కొందరు ఇక అయిపోయిందని బయటికి నడిచాకే అగ్వేరో గోల్ కొట్టి లీగ్ టైటిల్ తెచ్చాడు. బయట నిలబడి ఆ కేక విన్నవాళ్లు ఉన్నారు.

పై వరసలో తెల్లజుట్టు పెద్దాయన ఒకరు కదలకుండా కూర్చుని ఉన్నారు. చూసి సిగ్గేస్తుంది.

"మీరు ఉంటారా అంకుల్?"

"నాకేం బాబూ, ఇల్లు ఇక్కడే. నడిచి పోత. మీరు దూరమోళ్లు, పోండ్రి."

విశ్వాసం గురించి పెద్ద మాటలు మాట్లాడేవాళ్లకు ఈ పెద్దాయన్ని చూపించాలి. చివరిదాకా కూర్చునేవాళ్లలో చాలామందికి ఇల్లు దగ్గర, లేదా సొంత బండి ఉంటుంది. మేడ్చల్ వాడి ప్రేమను గచ్చిబౌలి గడియారంతో కొలవకూడదు.

పార్కింగ్‌లో బండి తీస్తుండగా ఫోన్ మెరిసింది. 0-6.

లోపల నుంచి ఏమీ వినబడలేదు. మనవాళ్లు కొట్టి ఉంటే తెలిసేది.

బండి కదిలింది. జేఎన్‌టీయూ దాకా దీపాలు, హారన్లు, బిర్యానీ వాసన. బాచుపల్లి దాటాక దీపాలు పలచబడ్డాయి. గండిమైసమ్మ దాటాక చీకటి. వాడు గట్టిగా అరుస్తూ మాట్లాడుతున్నాడు. 'మైదాన్' సినిమా చూసి వచ్చినప్పటి నుంచి వాడికి రహీం సాబ్ పిచ్చి. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచిందనీ, 1962లో జకార్తాలో ఆయన శిష్యులే దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఏషియాడ్ బంగారం తెచ్చారనీ చెబుతూ, "అసుంటి ఊరికి ఆరు గోల్సా!" అని తల వెనక్కి తిప్పాడు.

"ముందు చూడ్రా!"

ఎదురుగా వచ్చే లారీ వెలుగు. కళ్లు చెదిరాయి. ఏమీ కనబడదు.

నల్లగా ఏదో.

రోడ్డు మీదే.

టిప్పర్. ఆగి ఉంది. వెనక లైటు లేదు.

బ్రేక్.

టైరు జారింది. నీ ముక్కు వాడి హెల్మెట్‌కి తగిలింది. బండి పక్కకి ఒరిగింది. నీ కాలు నేలను వెతికింది. దొరికింది. ఆగింది.

టిప్పర్ వెనక రేకు చేతికి అందే దూరంలో ఉంది.

ఇద్దరూ మాట్లాడరు. గుండె చప్పుడు చెవుల్లో వినబడుతోంది. తొందరగా బయలుదేరితే మిగిలే నిమిషాలు ఇలాంటి చోటే ఖర్చవుతాయి. తొందరగా వచ్చావు సరే, తొందరగా నడపనవసరం లేదు. మిగతా దారంతా వాడు నలభై దాటలేదు.

ఇప్పుడు కొన్ని నెలలు ముందుకు జరుగు. 2025 ఏప్రిల్ 12, శనివారం. ఉప్పల్. ఇది మన మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లా స్టేడియమే. క్రికెట్ మ్యాచ్. హైదరాబాద్ మీద పంజాబ్ 245 కొట్టింది. నీ వరసలో ఒకాయన లేచి, "ఇది కాదులే" అంటూ చెప్పులు వేసుకుంటున్నాడు. పక్కవాడు నీ వైపు చూస్తాడు. అదే చూపు. గచ్చిబౌలి చూపు.

ఈసారి నువ్వే అంటావు, "నాలుగు ఓవర్లు చూద్దాం."

అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141. పది సిక్సర్లు. హెడ్‌తో కలిసి మొదటి వికెట్‌కే 171. ఇంకా తొమ్మిది బంతులుండగానే 247. నీ గొంతు పోయింది. ఇంటర్వెల్‌లో వెళ్లిపోయినవాళ్లను మరునాడు మేడ్చల్ బస్టాండ్ దగ్గర ఆటపట్టించావు కూడా.

ఆ రాత్రి ఉప్పల్‌లో కుర్చీలు నిండి ఉన్నాయి. లేచి వెళ్లినవాడి ఖాళీ కనబడింది, నవ్వుకున్నారు. గచ్చిబౌలిలో నువ్వు లేచినప్పుడు ఎవరికీ కనబడలేదు, ఎందుకంటే నీ చుట్టూ ఖాళీయే. నన్నడిగితే అసలు గొడవ అక్కడుంది. అయిదో గోల్‌కి లేచి పోయినవాడు ద్రోహి కాదు. వాడు సోమవారం రాత్రి ఊరి ఆ చివర నుంచి వచ్చాడు. కప్పు గెలిచినప్పుడు వాట్సాప్ స్టేటస్ పెట్టి, ఆ తర్వాత ఒక్కసారి కూడా టికెట్ కొననివాళ్ల సంగతి అడగాలి. నష్టాలు పైసల్లో లెక్కపెట్టే యజమానులకు కనబడేది ఖాళీ కుర్చీలే. వాటిలో ఏది ఎనభయ్యో నిమిషంలో ఖాళీ అయిందో, ఏది మొదటి నుంచీ ఖాళీయో వాళ్లకు తెలియదు.

0-6 తర్వాత డిసెంబర్‌లో కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో వెళ్లిపోయాడు. 2025 అక్టోబర్‌లో జట్టే వెళ్లిపోయింది. హైదరాబాద్ ఎఫ్‌సీ పేరు మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. 2019లో పుట్టి, 2022లో దేశాన్ని గెలిచిన క్లబ్. నువ్వు స్టేడియం నుంచి కాసేపు ముందు లేచావు, అది ఊరి నుంచే లేచింది.

ఊళ్లో ఫుట్‌బాల్ మాత్రం ఇంకా ఉంది. ఐ-లీగ్‌లో వరసగా రెండు సీజన్లు, 2022–23లోనూ 2023–24లోనూ, రెండో స్థానంలో నిలిచిన శ్రీనిధి డెక్కన్ సొంత మైదానం అజీజ్‌నగర్‌లో ఉంది, డెక్కన్ అరీనా. నీకు దూరమే. అయినా మ్యాచ్ ఉన్న రోజు చూసుకుని, ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని వెళ్లు. నాలుగు గోల్స్ పడితే లేచి వచ్చేయ్, ఎవరూ ఏమీ అనరు. బండి మాత్రం నెమ్మదిగా నడపమను.