నానో పోగుల వడపోత: పేరుకు ముందు నడిచిన చరిత్ర

నానో పోగులతో గాలిని, నీటిని వడగట్టడం ఇటీవలి ఆవిష్కరణగానే సాధారణంగా ప్రస్తావితమవుతుంది. చారిత్రక ఆధారాలు ఈ అభిప్రాయాన్ని సమర్థించవు. ద్రావణంపై అధిక వోల్టేజి ప్రయోగించి సన్నని పోగులు తీసే పద్ధతికి 1902లోనే అమెరికాలో పేటెంటు లభించింది. 1934లో ఆంటన్ ఫార్మాల్స్ పొందిన పేటెంటు కృత్రిమ దారాల తయారీకి సంబంధించినది. అంటే అప్పటికి లక్ష్యం వస్త్రమే.

ఆ పోగును వడపోతకు మళ్లించినవారు మాస్కోలోని కార్పోవ్ సంస్థ శాస్త్రవేత్తలు. 1938లో రోజెన్‌బ్లూమ్, పెత్ర్యానోవ్-సొకొలోవ్ రూపొందించిన ఈ పదార్థం మరుసటి ఏడాది నుంచి ట్వేర్ కర్మాగారంలో, విషవాయు ముసుగుల్లో పొగను ఆపే పొరగా తయారైంది. పోగుల మధ్య ఖాళీలకన్నా చిన్న కణాలు సైతం ఇందులో చిక్కుకుంటాయి. అవి గాలిలో అస్తవ్యస్తంగా చలిస్తూ పోగును తాకడం, పోగులోని విద్యుదావేశం వాటిని ఆకర్షించడం ఇందుకు కారణాలు. పూరేకు అనే అర్థం గల ‘లెపెస్తోక్’ మాస్కుకూ ఇదే ఆధారం. 1986లో చెర్నోబిల్ ప్రమాద స్థలంలో పనిచేసిన అనేకులు దానినే ధరించారు.

సైనిక, అణు రంగాల గోప్యత వల్ల ఈ కృషి బయటి ప్రపంచానికి ఆలస్యంగా తెలిసింది. 1990లలో అమెరికాలో రెనెకర్ బృందం పరిశోధనలతో ‘ఎలక్ట్రోస్పిన్నింగ్’ అనే పేరు ప్రచారం పొందింది. నీటిశుద్ధి పొరలపై అధ్యయనాలు ఆ తర్వాతే విస్తరించాయి. సోవియట్ పోగులన్నీ నేటి కొలతలో నానో స్థాయివి కావు. పద్ధతి, ప్రయోజనం మాత్రం ఇవే. పేరు స్థిరపడిన కాలాన్నే వస్తువు పుట్టిన కాలంగా భావిస్తే, సుమారు ఐదు దశాబ్దాల చరిత్ర కనుమరుగవుతుంది.