సహిత విద్య: ప్రత్యేక అవసరాల పిల్లలు మామూలు బడికి వచ్చిన చరిత్ర

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు తోటివారితో కలిపి మామూలు బడిలోనే చదువు చెప్పి, కావలసిన సాయాన్ని అక్కడే అందించే పద్ధతి సహిత విద్య. భారతదేశంలో ఈ పిల్లల చదువు వేరు బడులతో మొదలైంది. 1887లో ఆనీ షార్ప్ అనే మిషనరీ అమృత్‌సర్‌లో అంధుల పాఠశాల పెట్టారు. 1893లో కలకత్తాలో బధిరుల పాఠశాల వచ్చింది. అవి చేసిన మేలు చిన్నది కాదు. కానీ అలాంటి బడులు ఏ కొద్ది పట్టణాల్లోనో ఉండేవి. పల్లెటూరి బిడ్డ చదువుకోవాలంటే అమ్మానాన్నలను వదిలి దూరం పోవాల్సిందే.

ఈ పిల్లల్ని వీలైనంతవరకు సాధారణ పాఠశాలల్లోనే చేర్చుకోవాలని కొఠారి కమిషన్ (1964–66) చెప్పింది. 1974లో కేంద్రం సమీకృత విద్యా పథకం తెచ్చి పుస్తకాలకు, యూనిఫాంకు, రాకపోకలకు డబ్బిచ్చింది. అయితే బడి తన తీరు మార్చుకోలేదు. సర్దుకోవాల్సిన భారమంతా పిల్లల మీదే పడింది. పిల్లలకు తగ్గట్టు బడే మారాలని 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో జరిగిన యునెస్కో సదస్సు ప్రకటించింది.

మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టం 18 ఏళ్ల వరకు ఉచిత విద్యకు హామీ ఇచ్చింది. అందులో 7 రకాల వైకల్యాలే ఉండగా, 2016 చట్టం వాటిని 21కి పెంచి అభ్యసన వైకల్యాలనూ చేర్చింది. ఈ చేర్పు విలువ ఎంత చెప్పినా తక్కువే. అభ్యసన వైకల్యం ఉంటే, నోటిలెక్కలు టకటకా చెప్పే పిల్లాడు కూడా నల్లబల్ల మీది రెండు వాక్యాలు ఎక్కించుకోవడానికి తంటాలు పడతాడు. ఒత్తులు ఎగిరిపోతాయి, అక్షరాలు తారుమారవుతాయి. అలాంటి పిల్లలెందరో మొద్దులనిపించుకుని గోడకుర్చీలు వేశారు, చదువే మానేశారు. వాళ్లకు కావలసింది శిక్ష కాదని చట్టం ఒప్పుకోవడానికి ఇన్నాళ్లు పట్టింది.

తెలుగు నేల మీద ఈ రంగానికి ఊతమిచ్చింది 1984లో సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ. ప్రత్యేక ఉపాధ్యాయుల శిక్షణకు అది పెద్ద కేంద్రమైంది. సర్వశిక్షా అభియాన్ కాలంలో మండలాల్లో ఈ పిల్లల కోసం భవిత కేంద్రాలు వెలిశాయి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు నడుముకు బెల్టు, ముందు పలక ఉన్న కుర్చీలో నిటారుగా కూర్చోవడం అక్కడ నేర్చుకుంటారు. వేళ్ల పట్టు చాలకపోతే పెన్సిల్‌కు గుడ్డ చుట్టి లావు చేసి ఇస్తారు. ఫిజియోథెరపీ, మాట చికిత్స కూడా అందుతాయి. కదల్లేని పిల్లల ఇళ్లకు ఐఈఆర్‌పీలనే ప్రత్యేక ఉపాధ్యాయులే వెళ్తారు.

ఇంత పనినీ రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి మోసింది ఎక్కువగా కాంట్రాక్టు సిబ్బందే. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న ప్రతి 10 మందికి, పై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2025 మార్చిలో మరోసారి జోక్యం చేసుకుని, ఈ పోస్టులకు నోటిఫికేషన్లు ఇవ్వాలని రాష్ట్రాలకు గడువు పెట్టింది.