చేపకాలేయతైలము – దాని చరిత్రము

చేపను కోయునప్పుడు మాంసము కుండలోనికిని, తక్కినది పెంటకుప్పమీదికిని పోవుట మన యిండ్లలో వాడుక. తల, ప్రేవులు, పొలుసులు, కాలేయము, వీనిని మనము చెత్త యందుము. అట్టి చెత్తనుండి పసిపిల్లల యెముకలను నిలిపిన యొక యౌషధము పుట్టిన విధమును నేడు మీకు చెప్పదలచితిని.

ఐరోపాఖండమున కుత్తరమున నార్వే దేశము కలదు. అచట లోఫోటెన్ దీవులకడకు ప్రతి శీతకాలమునందును కాడ్ అను చేపలు గ్రుడ్లు పెట్టుటకు గుంపులుగా వచ్చును. బెస్తవారు వానిని పట్టి, కడుపు చీల్చి శుభ్రపఱచి, కొయ్యదండెములపై నెండబెట్టి దూరదేశముల కమ్ముదురు. పూర్వము తీసివేసిన కాలేయములను పీపాలలో పోసి యుంచగా నవి క్రుళ్లి, నూనె పైకి తేలెడిది. ఆ కంపునూనె దీపములకును, తోళ్ల పదునుకును పనికివచ్చెను. అయినను తీరపు పల్లెలవారు దానిని కీళ్లనొప్పులకు మందుగా త్రాగుచునే యుండిరి.

పదునెనిమిదవ శతాబ్ది చివర ఇంగ్లండున మాంచెస్టరు వైద్యశాలలో థామస్ పెర్సివల్ అను వైద్యుడు దీనిని వాతరోగులకిచ్చి గుణమున్నదని వ్రాసెను. 1841లో ఎడింబరో వైద్యుడు జాన్ హ్యూస్ బెన్నెట్ దీనిపై నొక గ్రంథమునే ప్రకటించెను. 1853లో నార్వేలో పీటర్ మోల్లర్ అను నాతడు తాజా కాలేయములను ఆవిరితో కాచి తేటనైన నూనె తీయు పద్ధతి కనిపెట్టెను. అంతట త్రాగుటకు వీలైన తైలము లభించినది.

ఆ కాలమున యంత్రశాలలు పెరిగిన పట్టణములలో పొగ యాకసమును కప్పగా, ఇరుకు సందులలోని పేదపిల్లలకు ఎండ తగులకుండెను. వారి యెముకలు మెత్తబడి కాళ్లు విల్లువలె వంగెడివి. దీనినే రికెట్సు అందురు. ఆడుపిల్లల కటియెముకలు కుంచించుకొనిపోయి, పెద్దవారైన పిమ్మట ప్రసవము ప్రాణాపాయమయ్యెడిది. కాలేయతైలము దీనిని మాన్పుననువారున్నను, కారణము తెలియనందున పలువురు వైద్యులు నమ్మరైరి. ఆ యాలస్యమున ఎందఱు పిల్లలు కుంటివారైరో చెప్పజాలము.

తుదకు 1919లో ఎడ్వర్డ్ మెల్లన్‌బీ కుక్కపిల్లలపై పరీక్షలుచేసి, ఆహారలోపమున ఈ వ్యాధి కలుగుననియు, కాడ్ తైలము దానిని నివారించుననియు చూపెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము వియన్నా నగరమున ఆకలిగొన్న శిశువులకు హారియెట్ చిక్ అను విదుషీమణి, తైలముగాని ఎండగాని యిచ్చినచో రికెట్సు తగ్గునని నిరూపించెను. 1922లో అమెరికాయందు మెక్‌కాలమ్, తైలమును వేడిచేసి గాలి నెక్కించి, కంటిరోగమును మాన్పు గుణము నశించినను ఎముకలను గట్టిపఱచు గుణము నిలిచియున్నదని కనుగొనెను. ఇట్లు విటమిను ఎ, విటమిను డి అనునవి వేఱువేఱని తెలిసినది.

మన దేశమునకును దీనితో సంబంధము కలదు. 1940 ఏప్రిలులో జర్మనులు నార్వేపై దండెత్తగా ఆ తైలము రాక తగ్గిపోయెను. ఆ యుద్ధకాలమున మద్రాసు రాజధానికి చెందిన కోళికోడులో సొరచేప కాలేయమునుండి తైలము తీయ నారంభించిరి. దానిలో విటమిను ఎ మెండు. బాలింతలకు పాలు పడునని సొరచేపను వండిపెట్టు ఆచారము మన తీరమున నున్న సంగతి మీ రెఱుగుదురు.

తరువాత విటమిను ఎ ను రసాయనశాలలలోనే చేయ నేర్చిరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహారసంస్థ పరిశోధనల ఫలముగా 1970 మొదలు మన పసిపిల్లలకు ఆఱుమాసముల కొకమాఱు విటమిను ఎ మోతాదు నిచ్చు పథకము నడచుచున్నది. చేప వ్యర్థముల వినియోగము మాత్రము ఆగలేదు. రొయ్యపొట్టునుండి కైటిన్, చేపచర్మమునుండి కొల్లాజెన్ తీయుచున్నారు.

ఒక హెచ్చరిక చెప్పవలయును. ఈ విటమినులు శరీరమున నిలువయుండునవి గనుక అధికమైనచో హాని చేయును. గర్భిణులకు మఱింత జాగ్రత్త కావలెను. వైద్యుని మాటలేక తైలము పట్టింపకుడు. సందెవేళ తడుముకొను బిడ్డ కానవచ్చినచో, రేచీకటి యని యూరకుండక, వెంటనే ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపొండు.

పల్లెవారి యనుభవము నిజమైనను, పరీక్షకు నిలిచిన పిమ్మటనే లోకమునకు మందైనది. పరీక్షింపకయే త్రోసిపుచ్చినవారి వలన నష్టపడినవారు పిల్లలు. పెద్దలు మఱవరాని పాఠమిదియే యని నా తలంపు.