బ్రాకెట్ లోపల చట్టం లేదు, ఆచారం ఉంది

మన ఐరాల పక్క నుంచి పోయి పైథాన్ నేర్చుకుంటున్న పిల్లలు అడుగుతున్న మాట ఇది: "అన్నా, లైను పొడుగైతే కిందికి దించుతాం కదా, ఆ రెండో లైను ఎక్కడ మొదలుపెట్టాల? ఒక్కో వీడియోలో ఒక్కో రకంగా ఉంది." మేమూ ల్యాబ్‌లో ఇక్కడే తడబడినాం. ఈ చదువు మనకు రాదేమో అనుకుని గమ్మునుండిపోయినాం. దీని వెనక చరిత్ర తెలిసుంటే అంత భయపడే పనే లేదు.

లైను ముందు వదిలే ఖాళీకే అర్థం ఉండాలనే ఆలోచన 1966లో పీటర్ లాండిన్ వ్యాసంలో కనిపిస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ సంస్థలో పుట్టిన ఏబీసీ భాషలోనూ అదే పద్ధతి. ఏబీసీ మీద పనిచేసిన గైడో వాన్ రాసమ్ 1989 డిసెంబరులో పైథాన్ మొదలుపెట్టి, దాన్ని వెంట తెచ్చుకున్నారు. అందుకే ఇఫ్ కింద, ఫర్ కింద ఖాళీ తప్పితే ఎర్రర్ వస్తుంది. అది చట్టం. బ్రాకెట్ తెరిచి మూసేలోపల మాత్రం కింది లైను ఎక్కడ మొదలైనా పైథాన్ పట్టించుకోదు. అక్కడుండేది ఆచారం, చదివే మనిషి కోసం.

ఆ ఆచారాలను 2001 జూలైలో పెప్ 8 అనే పత్రంగా రాయడం మొదలైంది. లైనుకు 79 అక్షరాలు దాటొద్దంటుంది అది. ఈ లెక్క వెనక 80 అక్షరాల పాత తెరలున్నాయి, వాటి వెనక 1928 నాటి ఐబీఎం 80 వరసల పంచ్ కార్డు ఉంది. లైను తెగితే రెండు దారులు చూపుతుంది. ఒకటి, తెరిచిన బ్రాకెట్ కిందికే సరిపెట్టేది:

జాబితా = చేర్చు("యానాది", "ఎరుకల",
              "సుగాలి")

రెండోది, బ్రాకెట్ దగ్గరే లైను ఆపేసి, కింద 4 స్పేసులు వదిలేది:

జాబితా = చేర్చు(
    "యానాది", "ఎరుకల",
    "సుగాలి",
)

2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి పేర్లు ఇట్లా తెలుగులోనూ పెట్టుకోవచ్చు. కానీ మన అక్షరాల వెడల్పు ఒకే తీరుగా ఉండదు, కాబట్టి మొదటి దారిలో వరస చెదురుతుంది. పైగా ఫంక్షన్ పేరు మారిస్తే కింది లైన్లన్నీ జరపాల. రెండో దారికి ఆ బాధ లేదు. 2018లో వచ్చిన బ్లాక్ అనే పనిముట్టు కూడా పొడుగు లైన్లను ఈ రెండో తీరులోనే సర్దుతుంది.

మా మాట: కొత్తగా రాస్తే రెండోది పట్టుకోండి. నలుగురూ కలిసి చేసే ప్రాజెక్టులో ముందే ఒక పద్ధతి ఉంటే దాన్నే పాటించండి, పెప్ 8 కూడా అదే చెప్తుంది. మనలో నలుగురికి ఒక ల్యాప్‌టాప్. ఈరోజు మీరు రాసింది రేపు మీ చెల్లెలు తెరుస్తుంది. ఆ పాప తడుముకోకుండా చదవాల.