ఎదురు నడిచిన ఆదివారం

ఇంగ్లండులో ఆఫీసు భోజనాల బల్ల దగ్గర వాన గురించి మాట్లాడుకోవడం అయిపోయాక మిగిలే కబుర్లలో పాత రాక్ కచేరీలు ఒకటి. కాలంలో వెనక్కి పోగలిగితే ఏ కచేరీకి పోతావని ఎవరో ఒకరు అడుగుతారు. జవాబులు ఇంచుమించు తెలిసినవే. 1985 లైవ్ ఎయిడ్‌లో, వెంబ్లీ స్టేడియంలో క్వీన్. 1969 జనవరి చలిలో సావిల్ రో మేడమీద బీటిల్స్. అదే ఏడాది అమెరికాలో వుడ్‌స్టాక్ బురద. నేను నా జవాబు చెప్తే కుర్రవాళ్లు ఫోన్లు తీసి వెతుక్కుంటారు: 1978 ఏప్రిల్ 30, ఆదివారం, తూర్పు లండన్‌లోని విక్టోరియా పార్కు.

పాటలు వినడానికే అయితే అంత దూరం పోనక్కర్లేదు. ఆ రోజు వేదికెక్కిన బ్యాండ్లు అంతకంటే బాగా వాయించిన రాత్రులు చాలానే ఉన్నాయి. ఆరుబయట, అంత జనానికి ఆ స్పీకర్లు ఏ మూలకూ చాలలేదు. నేను పోయేది ఆ జనాన్ని చూడటానికి. వాళ్లు అక్కడికి ఎందుకొచ్చారో మన ఊళ్లో ఉన్నవాళ్లకు చెప్పాలంటే ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లి మొదలుపెట్టాలి.

యుద్ధం అయ్యాక బ్రిటన్‌కు పనిచేసే చేతులు కావలసొచ్చాయి. 1948లో వచ్చిన పౌరసత్వ చట్టం సామ్రాజ్యంలోనివాళ్లూ, కామన్వెల్త్ దేశాలవాళ్లూ ఇక్కడికొచ్చి బతకొచ్చంది. జమైకా నుంచి, పంజాబ్ నుంచి, మీర్పూర్, సిల్హెట్‌ల నుంచి జనం వచ్చి బస్సులు నడిపారు, ఫౌండ్రీల్లో ఇనుము కరిగించారు, నూలుమిల్లుల్లో రాత్రి షిఫ్టులు చేశారు. మన తెలుగువాళ్లు ఎక్కువగా వచ్చింది డాక్టర్లుగా. తెల్ల డాక్టర్లు పోవడానికి ఇష్టపడని చిన్న ఊళ్ల ఆసుపత్రులు, గని కార్మికుల పేటల్లోని క్లినిక్కులు వాళ్ల చేతికొచ్చాయి.

ఈ కథలో ఇనాక్ పావెల్ అనే మనిషిని తప్పించుకోలేం. గ్రీకు, లాటిన్ ఔపోసన పట్టిన పండితుడు. యుద్ధకాలంలో సైన్యాధికారిగా మన దేశంలో పనిచేశాడు, ఉర్దూ నేర్చుకున్నాడు. ఇండియాకు వైస్రాయ్ కావాలన్నది అతని కల. మనకు స్వాతంత్ర్యం రావడంతో ఆ కల చెదిరింది. 1960 నుంచి 1963 దాకా ఆరోగ్యమంత్రిగా ఉన్నాడు. ఉపఖండం నుంచి వచ్చిన డాక్టర్ల మీద ఆధారపడి ఆసుపత్రులు నడిచిన కాలమే అది. అదే పెద్దమనిషి 1968 ఏప్రిల్ 20న బర్మింగ్‌హామ్‌లో ఒక హోటల్లో నిలబడి, వలసలు ఆపకపోతే నెత్తురు పారుతుందని, వర్జిల్ కావ్యంలోంచి ఒక ఉపమానం కూడా జోడించి చెప్పాడు. కన్సర్వేటివ్ నాయకుడు ఎడ్వర్డ్ హీత్ మర్నాడే అతన్ని పార్టీ ముందు వరస నుంచి తీసేశాడు. జనంలో మాత్రం పావెల్‌కు పలుకుబడి పెరిగింది. ఏప్రిల్ 23న తూర్పు లండన్ రేవుల్లో సరుకు మోసే డాక్ కార్మికులు పని మానేసి, అతనికి మద్దతుగా పార్లమెంటుకు నడిచి వెళ్లారు. తూర్పు నుంచి పడమటికి. ఆ దిక్కు కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆ కాలంలోనే చట్టాల తలుపులు మూసుకుంటున్నాయి. 1962లో ఒకటి, 1968లో ఒకటి, 1971లో ఇంకొకటి. 1968 నాటిదాన్ని పార్లమెంటు మూడు రోజుల్లో తేల్చేసింది. కెన్యాలో ఉన్న భారత సంతతివాళ్లు బ్రిటిష్ పాస్‌పోర్టులు పట్టుకుని వచ్చేస్తున్నారన్నది దాని వెనకున్న భయం. తాము ఇచ్చిన పాస్‌పోర్టు తామే చెల్లదన్నారు. ఇవాళ వీసా కాగితాల్లో ఒక్క అక్షరం తేడా వస్తే మనల్ని నిలదీసే దేశం ఇదే మరి.

1976కు వద్దాం. ఆ ఎండాకాలం ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకునేంత మండింది. ఉద్యోగాల్లేవు, ధరలు పైకి, ప్రభుత్వం అంతర్జాతీయ ద్రవ్యనిధి గుమ్మం ఎక్కబోతోంది. జూన్‌లో పశ్చిమ లండన్‌లోని సౌతాల్‌లో గుర్దీప్ సింగ్ చగ్గర్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాణ్ని కత్తులతో పొడిచి చంపారు. ఆగస్టులో మళ్లీ బర్మింగ్‌హామ్, ఈసారి ఓడియన్ థియేటర్. గిటార్ దేవుడని పేరుపడ్డ ఎరిక్ క్లాప్టన్ తప్పతాగి వేదికెక్కి, పావెల్ చెప్పిందే నిజమని, విదేశీయుల్ని పంపేయాలని, రాయడానికి చేయి రాని మాటలు కలిపి వాగాడు. రెండేళ్ల కిందట అమెరికాలో అతన్ని మొదటి స్థానంలో నిలబెట్టిన పాట జమైకాకు చెందిన బాబ్ మార్లేది. అతని సంగీతమంతా నల్లవాళ్ల బ్లూస్ పెట్టిన భిక్ష. ఈ ప్రవర్తనకు తాను సిగ్గుపడుతున్నానని క్లాప్టన్ చెప్పడానికి చాలా ఏళ్లు పట్టింది.

అప్పుడు రెడ్ సాండర్స్ అనే ఫొటోగ్రాఫరూ అతని స్నేహితులూ సంగీత పత్రికలకు ఒక ఉత్తరం రాశారు. నీ సంగీతంలో సగం నల్లవాళ్లదే కదా అని క్లాప్టన్‌ను అడిగి, జాతి ద్వేషానికి ఎదురుగా రాక్ సంగీతం నిలబడాలి, రండి అన్నారు. వందల జాబులు వచ్చాయి. అలా పుట్టింది ‘రాక్ ఎగైనెస్ట్ రేసిజం’. మొదటి కచేరీ ఆ నవంబరులో ఫారెస్ట్ గేట్‌లోని ప్రిన్సెస్ ఆలిస్ అనే పబ్బులో జరిగింది. ఫారెస్ట్ గేట్ అంటే, మనవాళ్లు దోసెలకూ గోంగూరకూ పోయే ఈస్ట్ హామ్‌కు బస్సులో కాసేపటి దూరం.

ఎదుటి పక్షం తక్కువదేమీ కాదు. నేషనల్ ఫ్రంట్ అని 1967లో పుట్టిన పార్టీ, రంగు చర్మం వాళ్లందరినీ తిప్పి పంపడమే సిద్ధాంతం. 1977 లండన్ ఎన్నికల్లో దానికి దాదాపు 1,19,000 ఓట్లు పడ్డాయి. స్కూళ్ల గేట్ల దగ్గర, ఫుట్‌బాల్ మైదానాల బయట కరపత్రాలు పంచి పిల్లల్ని చేర్చుకునేది. పంక్ సంగీతం అప్పుడే పుట్టింది. పెద్దల్ని అదరగొట్టడానికి కొందరు పంకులు స్వస్తిక బిళ్లలు పెట్టుకు తిరిగేవారు. ఉద్యోగంలేని, కోపం నిండిన ఆ తెల్ల కుర్రకారు ఎటు ఒరుగుతుందో ఎవరికీ తెలియదు. 1977 చివర్లో ఏర్పడ్డ యాంటీ నాజీ లీగ్, రాక్ ఎగైనెస్ట్ రేసిజం చేయి కలిపి ఆ పార్కు కచేరీతో పెద్ద పందెమే కాశాయి. తెలంగాణ ధూంధాం సభలు చూసినవాళ్లకు ఆ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు: పాటకోసం వచ్చినవాడికి మాట కూడా చెవిన పడుతుంది.

ఇక ఆ ఆదివారం. నేను పార్కుకు తిన్నగా పోను. పొద్దున్నే ట్రఫాల్గర్ స్క్వేర్‌కు పోతాను, ఎందుకంటే అసలు విషయం నడకలోనే ఉంది. పార్లమెంటుకు కూతవేటు దూరంలో మొదలై తూర్పు లండన్‌కు, ఏడెనిమిది కిలోమీటర్లు. పదేళ్ల కిందట డాక్ కార్మికులు పావెల్ కోసం నడిచిన దిక్కుకు సరిగ్గా ఎదురు. ఇరవై వేలమంది వస్తే గొప్ప అనుకున్న నిర్వాహకులకు ఎనభై వేల దాకా కనిపించారు, లక్ష అన్నవాళ్లూ ఉన్నారు. లారీల మీద బ్యాండ్లు వాయిస్తూ పోతుంటే, హిట్లర్‌వీ నేషనల్ ఫ్రంట్ నాయకులవీ పెద్దపెద్ద కాగితపు గుజ్జు తలకాయలు ఊరేగాయి. ఆ తలలు చేసిన పీటర్ ఫ్లక్, రోజర్ లా తర్వాత ‘స్పిటింగ్ ఇమేజ్’ అనే టీవీ కార్యక్రమంలో థాచర్‌నూ రాణిగారినీ రబ్బరు బొమ్మలు చేసి ఏడిపించారు. కార్మిక దినానికి ఈ దేశం మొదటిసారి సెలవిచ్చింది కూడా ఆ మర్నాడే, 1978 మే 1న. రాత్రంతా ఊరు చేరకపోయినా అడిగేవాడుండడన్నమాట.

వేదిక మీద ఎక్స్-రే స్పెక్స్ అనే పంక్ బ్యాండు ముందు నిలబడింది పాలీ స్టైరీన్. తండ్రి సోమాలియావాడు, తల్లి తెల్లామె, పళ్లకు క్లిప్పులు, గొంతు విజిలు. స్టీల్ పల్స్ వాళ్లది బర్మింగ్‌హామ్‌లోని హాండ్స్‌వర్త్. పావెల్‌ది, క్లాప్టన్‌ది విన్న ఊరు నుంచి ఈసారి కరీబియన్ పిల్లలు వచ్చి, రెగే పాడారు. టామ్ రాబిన్సన్ తాను స్వలింగప్రియుణ్నని వేదికల మీదే చెప్పుకునే మనిషి. 1978లో అది చిన్న సంగతి కాదు.

నేను కళ్లార్పకుండా చూసేది మాత్రం ద క్లాష్ అనే పంక్ బ్యాండు వాయించేటప్పుడు. చివర్లో జిమ్మీ పర్సీ వచ్చి వాళ్లతో గొంతు కలిపాడు. అతను షామ్ 69 అనే బ్యాండు గాయకుడు. గుండు గీయించుకున్న స్కిన్‌హెడ్ కుర్రాళ్లకు అతనంటే ప్రాణం. అతని కచేరీలకు వచ్చే గుంపులో నేషనల్ ఫ్రంట్ వాళ్లు బాహాటంగా నినాదాలిచ్చేవారు, తన్నుకునేవారు. వాళ్లందరి ఎదుటా అతను ఈ వేదిక ఎక్కడమంటే, మా అన్న ఎటున్నాడో అన్న అనుమానానికి తెర దించడమే. ఆ కుర్రాళ్లలో ఎంతమంది మనసు మారిందో లెక్క కట్టలేం. బిల్లీ బ్రాగ్ అనే బార్కింగ్ కుర్రాడి సంగతి మాత్రం తెలుసు. ఆ రోజు గుంపులో నిలబడి ఉన్నాడు. తర్వాత పెద్ద గాయకుడై, తన రాజకీయం ఆ పార్కులోనే మొదలైందని చెప్తూనే ఉన్నాడు.

ఇంతవరకూ చదివి, పాటతో దేశం మారిపోయిందనుకుంటే పొరపాటు. నాలుగు రోజులకే, మే 4న, లండన్‌లో స్థానిక ఎన్నికల రోజు సాయంత్రం, వైట్‌చాపెల్‌లో పని ముగించుకుని ఇంటికి పోతున్న అల్తాబ్ అలీ అనే బంగ్లాదేశీ బట్టల కార్మికుణ్ని కుర్రాళ్లు పొడిచి చంపారు. పార్కు నుంచి అక్కడికి నడిచిపోవచ్చు. మే 14న అతని శవపేటిక వెంట వేలమంది బెంగాలీలు వానలో తూర్పు నుంచి హైడ్ పార్కుకు, ప్రధాని ఇంటికి నడిచారు. నాకు ఆ నడకే పెద్దదనిపిస్తుంది. విక్టోరియా పార్కు వేదిక మీద పేరున్నవాళ్లలో మన ఉపఖండం ముఖం ఒక్కటీ లేదు, గుంపులో ఎక్కువమంది తెల్ల పిల్లలు. దెబ్బలు తినేవాళ్లు కుట్టుమిషన్ల ముందు ఉన్నారు. ఆ సెప్టెంబరులో దక్షిణ లండన్‌లోని బ్రాక్‌వెల్ పార్కులో రెండో కచేరీ పెట్టారు. అదే రోజు నేషనల్ ఫ్రంట్ తూర్పు లండన్‌లోని బ్రిక్ లేన్ వైపు ఊరేగింపు తీసింది. జనమంతా నదికి అవతల పాటలు వింటుంటే బెంగాలీల వీధికి కాపలా కాసినవాళ్లు కొద్దిమంది. ఆ తప్పును వామపక్షంలో ఇప్పటికీ ఎత్తిపొడుచుకుంటారు, ఎత్తిపొడవాల్సిందే.

1979 ఎన్నికల్లో నేషనల్ ఫ్రంట్ మూడువందల పైచిలుకు స్థానాల్లో పోటీ చేసి అన్నిచోట్లా డిపాజిట్లు పోగొట్టుకుంది. పాటల మహిమ కొంత. ముందు ఏడాది జనవరిలోనే, పరాయి సంస్కృతివాళ్లు ముంచెత్తుతారని జనం భయపడుతున్నారని కన్సర్వేటివ్ నాయకురాలు థాచర్ టీవీలో అనేసింది. ఆ ఓట్లు చాలావరకు ఆమె సంచిలోకి పోయాయి. దాడులూ ఆగలేదు. 1980 జూలైలో ఈస్ట్ హామ్‌లో అఖ్తర్ అలీ బేగ్ అనే విద్యార్థిని స్కిన్‌హెడ్లు చంపారు. ఇప్పుడు మనం శనివారాలు సంచులు పట్టుకుని తిరిగే పేట అది.

2000 తర్వాత ఐటీ వీసాల మీద దిగిన మా తరం ఈ దేశపు మర్యాద పుట్టుకతో వచ్చిందనుకుంటుంది. నేనూ కొన్నాళ్లు అనుకున్నాను. గుంటూరులో వైద్యం చదివి 1970లలో ఇక్కడికొచ్చిన ఒక పెద్దాయన ఇంటికి ఉగాదికి పోయినప్పుడు ఆ రోజుల గురించి అడిగాను.

“శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంటే సాయంత్రం బయటికి పోయేవాళ్లం కాదయ్యా. మర్నాడు పొద్దున ఆ కుర్రాళ్లే ముక్కులు పగిలి క్యాజువాల్టీకి వచ్చేవాళ్లు. మేమే కుట్లు వేసేవాళ్లం” అన్నారు.

“విక్టోరియా పార్కు కచేరీ గురించి విన్నారా డాక్టరుగారూ?”

“ఆదివారమా? ఆదివారాలు మాకు డ్యూటీ. తెల్ల డాక్టర్లు చర్చికి పోవద్దూ!”

గోడవారగా ఆయన గ్రామఫోను రికార్డులు వరసగా ఉన్నాయి. ఘంటసాల పక్కన క్లాప్టన్. నేను ఆ అట్ట తీసి చేతికిచ్చి, బర్మింగ్‌హామ్ సంగతి చెప్పాను. ఆయన కళ్లజోడు సర్దుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

“వెధవ” అన్నారు. “అయినా గిటారు బాగా వాయిస్తాడయ్యా, పెట్టు.”