ఆండ్రూ వైట్ పండితుడు



దానము చేసినవారి కథలు మనము చాల వినియున్నాము. దానము ముక్కలై పోకుండ కాపాడినవాని కథ నేడు చెప్పదలచితిని. ఆయన అమెరికా దేశీయుడగు ఆండ్రూ డిక్సన్ వైట్. న్యూయార్కు రాష్ట్రములోని హోమర్ అను నూర 1832లో జన్మించెను.

1862లో అమెరికా ప్రభుత్వము వ్యవసాయమును, యంత్రవిద్యను నేర్పు కళాశాలలకై రాష్ట్రములకు భూదానము చేసెను. న్యూయార్కు వంతునకు వచ్చినది సుమారు 9,90,000 ఎకరములు. 1864లో వైట్ ఆ రాష్ట్రపు ఎగువసభలో క్రొత్త సభ్యుడు. అదే సభలో ఎజ్రా కార్నెల్ ఉండెను. వడ్రంగముతో బ్రతుకు మొదలిడి, తంతి వ్యాపారమున ధనికుడైనవాడు. ఈ దానములో సగము ఒక వ్యవసాయ కళాశాలకు ఇప్పింపవలెనని కార్నెల్ తలంపు. వైట్ ఒప్పుకొనలేదు. పంచినకొలది ఏ కళాశాలయు నిలువదని ఆయన వాదము. ధనికునకు, అందును మంచివానికి, ఎదురాడుట యువకునకు సులభమా! కార్నెల్ కోపింపక, తుదకు తానే 5,00,000 డాలర్లను, ఇథకాలోని తన పొలమును ఇచ్చెదననెను. అట్లు పుట్టిన కార్నెల్ విశ్వవిద్యాలయము 1868 అక్టోబరులో 412 మంది విద్యార్థులతో తెరువబడెను.

భూమి సంగతి మీకు విశేషముగ చెప్పదగినది. పెక్కు రాష్ట్రములు తమ భూమిపత్రములను ఎకరము డాలరుకన్న తక్కువకు తెగనమ్ముకొనెను. కార్నెల్ మాత్రము విస్కాన్సినులో పైను వృక్షముల యడవులు ఎన్నుకొని, పన్నులు తాను కట్టుచు, ధర వచ్చువరకు పట్టుకొనెను. ఆయన 1874లో గతించినను, ఆ భూములవలన విశ్వవిద్యాలయమునకు దాదాపు 50 లక్షల డాలర్లు సమకూరెను.

వైట్ 1885 వరకు అధ్యక్షుడు. 1872లోనే స్త్రీలకు ప్రవేశము కలిగెను. ధర్మకర్తలలో ఏ యొక మతశాఖవారును సగమునకు మించరాదని శాసనము. దానికై ఆయన పడిన నిందలు ఇన్నియన్ని కావు. తండ్రి బ్యాంకు వ్యాపారమున కూర్చిన ధనమును ఆయన పుస్తకములుగ మార్చెను. దేశదేశముల సేకరించిన 30,000 సంపుటములను విశ్వవిద్యాలయమున కిచ్చివేసెను.

రష్యాలోను, జర్మనీలోను రాయబారిగ పనిచేసినవాడగుటచే, 1899లో హేగ్ శాంతిసభకు అమెరికా ప్రతినిధుల నాయకుడయ్యెను. దేశముల తగవులు తీర్చు న్యాయస్థానము జర్మను చక్రవర్తికి రుచింపలేదు. మొండివానిని నలుగురిలో నిందించిన మరింత బిగియునని తగవరులైన మీ రెరుగుదురు. వైట్ జర్మను మంత్రి బ్యూలోకు దీర్ఘలేఖ వ్రాసి, తన సహచరుని చేతికిచ్చి పంపెను. జర్మనీ మెత్తబడెను, న్యాయస్థానము ఏర్పడెను. దానికి భవనము కావలెనని ఆయన ప్రేరేపింపగా ఆండ్రూ కార్నెగీ 1903లో 15 లక్షల డాలర్లిచ్చెను. 1913లో శాంతిభవనము తెరువబడెను. మరుసటి యేడే ఐరోపా యుద్ధము మొదలిడెను.

వైట్ 1918 నవంబరు 4వ తేదీన ఇథకాలో మరణించెను. వారము దినములకు యుద్ధము నిలిచెను.