పోహాంగ్‌లో తొలి ఇనుము పారిన ఉదయం

జూన్ 9 దక్షిణ కొరియాలో ఉక్కు దినోత్సవం. ఆ దేశానికి వెళ్లే మనవాళ్లు సియోల్ రాజప్రాసాదాలు చూసి తిరిగొచ్చేస్తుంటారు. వీలుచేసుకుని తూర్పు తీరంలోని పోహాంగ్ దాకా వెళ్లండి. అక్కడ పోస్కో ఉక్కు కర్మాగారాన్ని సందర్శకులకు చూపిస్తారు. ఈ తరం కొరియా ఎలా నిలదొక్కుకుందో తెలిసేది అక్కడే.

ఇనుముతో ఆ నేలకు పాత చుట్టరికమే. దక్షిణ తీరపు ఇనుము జపాన్ వాళ్ల దాకా వెళ్లేదని మూడో శతాబ్దపు చైనా చరిత్ర గ్రంథం చెబుతోంది. తర్వాత ఎన్నో రాజ్యాలు వచ్చాయి, పోయాయి. 1910లో దేశం జపాన్ పాలైంది. 1950లో మొదలైన యుద్ధం మిగిలినదాన్నీ నేలమట్టం చేసింది.

1968 ఏప్రిల్ 1న పోస్కో పుట్టేనాటికి చేతిలో డబ్బు లేదు. సాయం చేస్తామన్న పాశ్చాత్య కంపెనీల కూటమి వెనక్కి తగ్గింది. అప్పుడు సంస్థ అధిపతి పార్క్ తే జూన్ చూపు, వలస పాలన లెక్క తేల్చుకున్న 1965 ఒప్పందం కింద జపాన్ ఇస్తున్న నిధుల మీద పడింది. వాటిలో కొంత ఉక్కుకు మళ్లింది. ఇది మన పూర్వీకుల నెత్తుటి సొమ్ము, ఓడిపోతే అందరం కుడివైపు తిరిగి యొంగిల్ అఖాతంలో దూకాల్సిందే అని ఆయన పనివాళ్లకు చెప్పేవారు.

1973 జూన్ 8న సూర్యకిరణాల నుంచి పుట్టించిన నిప్పుతో ఒకటో బ్లాస్ట్ ఫర్నేస్‌ను వెలిగించారు. మర్నాడు ఉదయం ఏడున్నరకు ఎర్రటి ఇనుము కాలువ కట్టింది. హెల్మెట్లతో, చేతులు పైకెత్తి ‘మాన్సే’ (జయహో) అని కేకలు వేస్తున్న ఆ మనుషుల ఫొటో ఎన్నిసార్లు చూసినా నా గుండె నిండిపోతుంది. ఏడాదికి 10.3 లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైంది ఆ కర్మాగారం. 1977లో విద్యుత్ కేంద్రం పునాది కాంక్రీటులో లోపం బయటపడితే, చాలావరకు పూర్తయిన ఆ కట్టడాన్ని పార్క్ డైనమైట్‌తో పేల్చేయించారు. ఆ పట్టుదల ముందు తల వంచుతాను.

తర్వాతి కథ ఇంత సూటిగా సాగదు. 1987 వేసవిలో ఉల్సాన్‌లోని హ్యుందాయ్ కార్మికులు సంఘాల కోసం కదిలితే దేశమంతా కదిలింది. పని ఆగిపోయిన చోట్లు కొత్త రూపం ఎత్తడమూ ఈ కథలో భాగమే. సియోల్ దగ్గర గ్వాంగ్‌మ్యోంగ్‌లో 1972లో మూతపడ్డ బంగారు గని, ఉప్పులో ఊరవేసిన రొయ్యల గోదాముగా ఉండి, 2011లో పర్యాటక స్థలమైంది. పోహాంగ్ ఒకటో ఫర్నేస్‌ను 2021 డిసెంబరులో ఆపేశారు. మరుసటి సెప్టెంబరులో తుపానుకు పక్కనున్న వాగు పొంగి కర్మాగారం మునిగింది.

ఆ పాత ఫర్నేస్‌ను మ్యూజియంగా మార్చాలని సంస్థ ఆలోచన. 1973 నాటి ఫొటోకు అక్కడ ఎలాగూ చోటుంటుంది. పనిలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల పేర్లు కూడా అదే గోడ మీద ఉండాలి.